ముక్కు నీటి నుంచి నింద దాకా: ‘స్నివెల్’ నేపథ్యం

2022-23 విద్యాసంవత్సరం నుంచి తెలంగాణ ప్రభుత్వ పాఠశాలలన్నింటిలో ఆంగ్ల మాధ్యమాన్ని దశలవారీగా ప్రవేశపెట్టడంతో, ఆంగ్ల పదాలకు సరైన తెలుగు అర్థం చెప్పవలసిన భారం హైదరాబాద్ ఉపాధ్యాయుల మీద మరింతగా పడింది. ‘స్నివెల్’ (snivel) వంటి మాటల దగ్గర ఆ భారం ఎంతటిదో తెలుస్తుంది. ‘ముక్కు చీదుతూ ఏడవడం’ అని చెప్పి ఊరుకుంటే అర్థం సగమే అందుతుంది. ఆ ఏడుపును చూసి చీదరించుకునేవారి అభిప్రాయం కూడా ఆ మాటలోనే ఇమిడి ఉంది.

ఈ చీదరింపు మొదటి నుంచీ ఉన్నది కాదు. ప్రాచీన ఆంగ్లంలో ‘స్నోఫ్ల్’ అంటే చీమిడి, ‘స్నిఫ్లుంగ్’ అంటే ముక్కు కారడం. జలుబు చేసినవారి అవస్థను చెప్పే మాటలే తప్ప వాటిలో నింద లేదు. కంటి మూలలోని సన్నని నాళం గుండా కన్నీరు ముక్కులోకి దిగుతుంది కాబట్టి ఏడ్చేవారికి ముక్కు కూడా కారుతుంది. మాట ఏడుపు వైపు మళ్లడానికి ఆ సంబంధమే ఆధారమైంది. 17వ శతాబ్దం చివరి నాటికి తెచ్చిపెట్టుకున్న ఏడుపు అనే అర్థం కూడా దానికి వచ్చి చేరింది. 1755లో వెలువడిన శామ్యూల్ జాన్సన్ నిఘంటువు ముక్కు కారడం, పిల్లల్లా ఏడవడం అనే రెండు అర్థాలనూ పక్కపక్కనే ఇచ్చింది. పెద్దవారి దుఃఖాన్ని పసిపిల్లల ఏడుపుతో సమానం చేయడంలోనే చులకనంతా ఉన్నదని నా అభిప్రాయం. పిరికివాడు, నీచుడు అనే తిట్ల ముందు ‘స్నివెలింగ్’ విశేషణంగా తరచుగా కనిపించేది కూడా అందుకే.

దీనికి దగ్గరిదిగా కనిపించే ‘వైన్’ (whine, సణగడం) వేరే దారిలో వచ్చింది. ఒకప్పుడు అది గాలిలో దూసుకుపోయే బాణం చప్పుడు. 16వ శతాబ్దంలో మనుషుల సణుగుడుకు అన్వయమైంది. దానికి కన్నీరు అక్కరలేదు, సాగదీసిన గొంతు చాలు.

హైదరాబాద్‌లో 1958లోనే ఆంగ్ల బోధన కోసం కేంద్ర సంస్థ ఏర్పడి, 2007లో కేంద్రీయ విశ్వవిద్యాలయమైంది. ఇంతటి బోధనా చరిత్ర ఉన్న నగరంలో కూడా ‘స్నివెల్’కు ‘ఏడ్చు’ అనే ఒక్క మాటతో సరిపెట్టడం బాధాకరం. మన వాడుకలోని ‘దొంగేడుపు’, ‘ఏడుపుగొట్టు’, ‘రాగాలు తీయడం’ దాని స్వభావాన్ని ఎంతో బాగా పట్టుకుంటాయి. అయితే చావు ఇంట పోయినవారి గుణగణాలను తలచుకుంటూ మన ఆడవాళ్లు శోకాలు పెట్టడం గురించి ఆంగ్లంలో రాసేటప్పుడు మాత్రం ఈ మాట వాడడం ఘోరమైన తప్పవుతుంది. నిజమైన దుఃఖానికి ‘వీప్’, వెక్కి వెక్కి ఏడవడానికి ‘సాబ్’ ఉన్నాయి. పాఠ్యపుస్తకాల పదపట్టికలో ‘స్నివెల్’ పక్కన ‘నిందార్థకం’ అని తప్పక గుర్తించాలి. లేకుంటే ఏడుస్తున్న తోటి పిల్లవాడి గురించి జాలిగా రాయబోయిన విద్యార్థి, తనకు తెలియకుండానే అతన్ని అవమానించినవాడవుతాడు.