పెద్ద సంఖ్యల గుణగణాలు: అపోహలు - వాస్తవాలు

సంఖ్యా సిద్ధాంతం పాఠాలు చెప్పేవాళ్లకు పదేపదే ఎదురయ్యే నమ్మకాలివి.

అపోహ: వరుసగా కొన్ని సంఖ్యలు ప్రధాన సంఖ్యలైతే ఆ వరుసలో మిగిలినవీ అంతే.

31, 331, 3331 అంటూ ముందు ఒక్కో 3 చేరుస్తూ వెళ్లండి. 33333331 వరకు ఏడూ ప్రధాన సంఖ్యలే. ఎనిమిదోది, 333333331, 17తో నిశ్శేషంగా భాగింపబడుతుంది. ఈ తరహా ఆశ ఫెర్మా అంతటివాడినే తప్పుదారి పట్టించింది. 3, 5, 17, 257, 65537 (ఒక్కోదానిలోంచి 1 తీసి, వర్గం చేసి, 1 కలిపితే తర్వాతిది) అన్నీ ప్రధాన సంఖ్యలే కావడం చూసి, ఆ తర్వాతి 4294967297 కూడా ప్రధాన సంఖ్యేనని ఆయన నమ్మాడు. అది 641 × 6700417 అని 1732లో ఆయిలర్ తేల్చాడు.

అపోహ: కారణాంకం చూపించనిదే సంయుక్త సంఖ్య అని చెప్పలేం.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన విషయం ఇదే. 2ను 67 సార్లు వేసి గుణించి, అందులోంచి 1 తీసేస్తే 147573952589676412927 వస్తుంది. 1644లో మెర్సెన్ దీన్ని ప్రధాన సంఖ్యల జాబితాలో చేర్చాడు. కాదని 1876లో లూకా నిరూపించాడు. కానీ దాన్ని భాగించే సంఖ్య ఒక్కటీ ఆయన చేతిలో లేదు! ప్రధాన సంఖ్య అయితే తప్పక పాటించాల్సిన నియమాన్ని అది పాటించలేదు, అంతే. కారణాంకాలను 1903లో కోల్ బయటపెట్టాడు: 193707721, 761838257287. సంఖ్య ఏ తరగతిదో తేల్చడం ఒక పని, దాన్ని విడగొట్టడం వేరే పని. మొదటిదానికి ఎప్పుడూ వేగంగా ముగిసే పద్ధతిని 2002లో ఐఐటీ కాన్పూర్‌లో అగ్రవాల్, కయాల్, సక్సేనా ఇచ్చారు. రెండోదానికి మామూలు కంప్యూటర్లపై అంత వేగమైన పద్ధతి నేటికీ తెలియదు. ఇంటర్నెట్‌లో సమాచారాన్ని భద్రంగా పంపడానికి వాడే ఆర్ఎస్ఏ రహస్య లిపి నిలబడింది ఈ తేడా మీదే.

అయితే ఇలాంటి ఏదో ఒక నియమం పాటించినంత మాత్రాన ప్రధాన సంఖ్య అయిపోదు. ఫెర్మా పరీక్షే చూడండి: ఆధారంగా ఒక సంఖ్యను తీసుకుని, పరీక్షించే సంఖ్య కన్నా ఒకటి తక్కువ సార్లు వేసి గుణించి 1 తీసేస్తే, వచ్చినదాన్ని పరీక్షించే సంఖ్య నిశ్శేషంగా భాగించాలి. 3 × 11 × 17కు సమానమైన 561, తనతో ఉమ్మడి కారణాంకం లేని ఏ ఆధారం తీసుకున్నా ఫెర్మా పరీక్ష నెగ్గుతుంది. ఇలాంటి మాయదారి సంఖ్యలను కార్మైకేల్ సంఖ్యలంటారు. ఇవి అనంతంగా ఉన్నాయని 1994లో నిరూపించారు.

అపోహ: సంఖ్య పెద్దదైతే భాజకాలూ ఎక్కువే.

720720కి 240 భాజకాలున్నాయి. దానికన్నా ఎంతో పెద్దదైన 2147483647కి రెండే. పరిమాణం కాదు, ప్రధాన కారణాంకాల ఘాతాలే లెక్క.

అపోహ: తనను మినహాయించి మిగతా భాజకాల మొత్తం తనను మించే సమృద్ధ సంఖ్యలన్నీ సరి సంఖ్యలే.

కొన్ని వందల దాకా చూసి ఆగిపోతే అలాగే అనిపిస్తుంది. 945 దగ్గర ఆ మాట చెల్లదు: దాన్ని మినహాయించి మిగతా భాజకాల మొత్తం 975. ఆ మొత్తం సంఖ్యకు సరిగ్గా సమానమయ్యే పరిపూర్ణ సంఖ్యల్లో మాత్రం, 6 నుంచి 33550336 దాటి ఎంత దూరం వెళ్లినా, బేసి సంఖ్య ఒక్కటీ ఇంతవరకు దొరకలేదు. ఉండదని ఎవరూ నిరూపించనూ లేదు.