ఆల్ఫా ఎంఎస్‌హెచ్: రంగు, ఆకలి, వాపుల హార్మోన్ గురించి అపోహలు - వాస్తవాలు

ఎండోక్రైనాలజిస్టుగా నన్ను ఈ హార్మోన్ గురించి అడిగేవాళ్లు ఈమధ్య ఎక్కువయ్యారు. అడిగేది మాత్రం ఎప్పుడూ ఇంజెక్షన్ల గురించే.

అపోహ: ఇది చర్మం రంగుకు సంబంధించినది మాత్రమే.

వాస్తవం: పీఓఎంసీ అనే పెద్ద ప్రొటీన్‌ను శరీరం ముక్కలు చేసినప్పుడు 13 అమైనో ఆమ్లాలున్న ఈ పెప్టైడ్ (చిన్న ప్రొటీన్ ముక్క) తయారవుతుంది. చర్మంలో ఎంసీ1 రిసెప్టర్‌కు (కణం మీద హార్మోన్ అతుక్కునే చోటు) అతుక్కుంటే చర్మానికి రంగునిచ్చే మెలనిన్ పెరుగుతుంది. మెదడులోని హైపోథాలమస్‌లో ఎంసీ4 రిసెప్టర్‌కు అతుక్కుంటే ఆకలి తగ్గుతుంది. పీఓఎంసీ జన్యువు పనిచేయని పిల్లలకు పసితనం నుంచే తీరని ఆకలి, విపరీతమైన బరువు, కార్టిసాల్ (అడ్రినల్ గ్రంథుల హార్మోన్) లోపం వస్తాయి. చాలామందికి జుట్టు కూడా ఎర్రగా ఉంటుంది. అలాంటి పిల్లల తల్లిదండ్రులను "తిండి అదుపు చేయలేరా?" అని నిలదీయడం చాలా అన్యాయం. అది పెంపకం లోపం కాదు, జబ్బు.

అపోహ: చర్మం రంగు పెంచుతుందని ఆన్‌లైన్‌లో అమ్మే మెలనోటాన్-2 ఇంజెక్షన్ సహజ హార్మోన్ లాంటిదే, భయం లేదు.

వాస్తవం: భయపడాల్సిందే. అది ల్యాబ్‌లో మార్చి తయారుచేసిన అణువు, అనుమతి లేని మందు. సీసాలో నిజంగా ఏముందో, ఎంత శుభ్రంగా ఉందో ఎవరూ హామీ ఇవ్వరు. వికారం, వాంతులు మామూలే. మగవాళ్లలో గంటల తరబడి తగ్గని బాధాకరమైన అంగస్తంభన రావచ్చు. నాకు ఎక్కువ టెన్షన్ పుట్టుమచ్చల గురించి. ఉన్నవి నల్లబడతాయి, కొత్తవి వస్తాయి. అప్పుడు మెలనోమాను (ఒక చర్మ క్యాన్సర్) గుర్తుపట్టడం డాక్టరుకు కూడా కష్టమవుతుంది.

ఈ హార్మోన్‌లా పనిచేసే అనుమతి ఉన్న మందులు వేరు. ఎండ తగిలితే భరించలేని నొప్పి వచ్చే ఈపీపీ అనే అరుదైన వ్యాధికి ఆఫామెలనోటైడ్‌ను యూరప్‌లో 2014లో, అమెరికాలో 2019లో అనుమతించారు. పీఓఎంసీ లోపం వంటి కొన్ని జన్యు లోపాల వల్ల వచ్చే ఊబకాయానికి సెట్‌మెలనోటైడ్ 2020లో వచ్చింది. ఇది ఎంసీ1ను కూడా కొంత తాకుతుంది కాబట్టి చర్మం నల్లబడుతుంది. మామూలుగా బరువు తగ్గాలనుకునేవారికి ఇది కాదు.

అపోహ: వాపును తగ్గిస్తుంది కాబట్టి కీళ్లనొప్పులకు వాడొచ్చు.

వాస్తవం: వాపును రేపే టీఎన్ఎఫ్ వంటి రసాయనాలను ఇది తగ్గిస్తుందన్నది నిజమే. కానీ ఆధారాల్లో ఎక్కువ భాగం కణాలు, జంతువుల మీద జరిగిన పరిశోధనలవే. వాటిని నమ్మి సూది పొడుచుకోవద్దు.

అపోహ: ఒళ్లు నల్లబడితే కారణం ఎండే.

వాస్తవం: అడిసన్ వ్యాధిలో, అంటే అడ్రినల్ గ్రంథులు కార్టిసాల్‌ను సరిగా తయారుచేయలేనప్పుడు, వాటిని ప్రేరేపించే ఏసీటీహెచ్ హార్మోన్ బాగా పెరిగి అదే ఎంసీ1ను ప్రేరేపిస్తుంది. అరచేతి గీతలు, చిగుళ్లు, పాత గాయాల మచ్చలు నల్లబడుతూ, నీరసం, బరువు తగ్గడం, లేవగానే కళ్లు తిరగడం కూడా ఉంటే క్రీములతో కాలయాపన చేయకండి. వెంటనే డాక్టరును కలిసి కార్టిసాల్, ఏసీటీహెచ్ పరీక్షలు చేయించుకోండి.