మడిలోని పురుగులన్నీ శత్రువులు కావు: వరి రైతుల అపోహలు, వాస్తవాలు

వారానికొక ఉదయం పాతిక మంది రైతులతో వరి మడిలో దిగి పురుగులు లెక్కించడం నా పని. దాన్ని పొలంబడి అంటారు. అక్కడ ప్రతి ఏడాదీ వినే మాటలు కొన్ని ఉన్నాయి.

అపోహ: పురుగు కనిపిస్తే మందు కొట్టాల్సిందే.

ముందు అది ఏ పురుగో చూడండి. దుబ్బు మొదట్లో, నీటికి కాస్త పైన, గోధుమ రంగులో గుంపుగా ఉన్నవి సుడిదోమలు, పైరు రసం పీల్చే పురుగులు. వాటి మధ్య చురుగ్గా తిరిగే ఆకుపచ్చని మిరిడ్ నల్లి ఆ దోమ గుడ్లనే పీల్చేస్తుంది. నీటి మీద పరుగెత్తే సాలీడు దోమలను పట్టి తింటుంది.

అపోహ: మందు కొట్టినా దోమ పెరిగిందంటే మందు చాలలేదు.

రైతును నిలువునా ముంచే అపోహ ఇదే. సుడిదోమ గుడ్లను ఆకు తొడుగు లోపల పెడుతుంది. పిచికారీ వాటిని తాకదు, పైన తిరిగే సాలీళ్లనూ మిరిడ్ నల్లులనూ చంపుతుంది. వారం పది రోజుల్లో పిల్లదోమలు బయటికి వచ్చేసరికి వాటిని తినేవి మడిలో మిగలవు. పైరు సుడులు సుడులుగా ఎండిపోతుంది. ఇండోనేషియా ఈ దెబ్బ తిన్నాకే 1986లో వరి మీద 57 పురుగుమందులను నిషేధించింది. 1989లో పొలంబడి పద్ధతి అక్కడే మొదలైంది.

అపోహ: ఆకు తెగితే దిగుబడి పోయినట్టే.

మాటలతో ఎవరూ నమ్మరు. అందుకే పిలకల దశలో గజం చోటు గుర్తుపెట్టి, ఆకుల్లో నాలుగో వంతు కత్తిరించమంటాను. ఒక పెద్దామె కత్తెర పట్టుకుని చాలాసేపు నిలబడిపోయింది. "నా చేత్తోనే కోయాలా నాయనా?" అంది. కోతలప్పుడు ఆకు కోసిన చోటి గింజలనూ, కోయని చోటి గింజలనూ ఆమె చేతే తూకం వేయించాం. తేడా కనిపించలేదు. ఆ దశలో పైరు కొత్త పిలకలు వేసి కోలుకుంటుంది. పొట్ట దశలో, అంటే వెన్ను ఇంకా బయటికి రాకముందు, చివరి ఆకును మాత్రం కాపాడుకోవాలి, గింజ నిండేది దాని బలంతోనే.

అపోహ: మందు మానడమంటే పంటను గాలికి వదిలేయడం.

పని పెరుగుతుంది. నాటేటప్పుడే ప్రతి రెండు మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాట తీయాలి. యూరియా అతిగా వేయకూడదు. దోమ కనిపిస్తే నీరు తీసి మడిని ఆరబెట్టాలి. లెక్కలో రెండు శత్రు పురుగులకు ఒక మిత్ర పురుగు ఉంటే మందు కొట్టకుండా ఆగుతాం. దోమ మరీ మించిపోతే, అప్పుడే, దుబ్బు మొదళ్లు తడిసేలా మందు వాడతాం.

అపోహ: ఇది చదువుకున్నవాళ్ల ముచ్చట, ఊళ్లో సాగదు.

పాత ఖమ్మం జిల్లాలోని పునుకులలో పత్తి రైతులు మందుల అప్పుల్లో కూరుకుపోయిన దశలో ఊరంతా కలిసి పురుగుమందులు మానేశారు. మహిళా సంఘాలు వేప గింజలను పొడి చేసి పొలాలకు అందించాయి. పాత వరంగల్ జిల్లాలోని ఏనబావి 2006లో రసాయనాలనే పూర్తిగా వదిలేసింది.