బండలో నిలిచిన ఎండ

మే నెలలో మధ్యాహ్నం మూడింటప్పుడు కడపలో ఏ ఇంట్లోనైనా ఒక చిన్న పని చేసి చూడొచ్చు. ఇనుప బీరువా పిడి పట్టుకోండి. వెంటనే పక్కనున్న చెక్క మంచం కోడు పట్టుకోండి. బీరువా చేతికి సెగ తగిలినట్టు ఉంటుంది, మంచం అంతగా అనిపించదు. రెండూ పొద్దున్నుంచి అదే గదిలో, అదే గాలిలో ఉన్నాయి. గది 42 డిగ్రీలుంటే బీరువా, మంచం కూడా దాదాపు 42 డిగ్రీలే ఉంటాయి.

డిసెంబరు తెల్లవారుజామున ఇదంతా తిరగబడుతుంది. అప్పుడు బీరువా పిడే చల్లగా తగులుతుంది. లోహం ముట్టుకుంటే చల్లగా ఉంటుందని చిన్నప్పుడు చదువుకున్నప్పుడు నాకు అది సగమే నిజమనిపించేది. ఎండాకాలం మా ఇంట్లో ఆ మాట ఒక్కరోజు కూడా నిలబడేది కాదు.

అసలు సంగతేమిటంటే, చేయి థర్మామీటరు కాదు. మన చర్మం మామూలుగా 33, 34 డిగ్రీల దగ్గర ఉంటుంది. వస్తువు అంతకంటే వేడిగా ఉంటే దాని నుంచి వేడి చేతిలోకి వస్తుంది, చల్లగా ఉంటే చేతి నుంచి అందులోకి పోతుంది. ఆ రాకపోకలు ఎంత జోరుగా సాగుతున్నాయన్నదే చేతికి తెలుస్తుంది. ఇనుము చెక్కకంటే కొన్ని వందల రెట్లు బాగా వేడిని పారనిస్తుంది. అందుకే ఎండాకాలం ఎక్కువ ఇస్తుంది, చలికాలం ఎక్కువ లాక్కుంటుంది.

మనం మాటల్లో అన్నిటికీ ‘వేడి’ అనేస్తాం. ఎండ వేడి, అన్నం వేడి, మామిడిపండ్లు ఎక్కువ తింటే ఒంటికి వేడి. ఆ చివరిదాన్ని పక్కన పెడదాం, అది భౌతికశాస్త్రం లెక్కలోకి రాదు. మిగతావాటిని విడదీయాలంటే మాత్రం ఒక్క మాట చాలదు. ఏ వస్తువులోనైనా అణువులు నిలకడగా ఉండవు, కదులుతూనో కంపిస్తూనో ఉంటాయి. సగటున ఒక్కో అణువు ఎంత జోరుగా కదులుతోందో చెప్పేది ఉష్ణోగ్రత. ఆ వస్తువులోని అణువులన్నిటికీ కలిపి ఉన్న శక్తి ఉష్ణశక్తి. వేడి వస్తువు నుంచి చల్లని వస్తువుకు దాటుతున్న శక్తి ఉష్ణం.

స్నానానికి బకెట్లో 15 లీటర్ల గోరువెచ్చని నీళ్లు, 40 డిగ్రీల్లో ఉన్నాయనుకోండి. పక్కనే గ్లాసులో పొయ్యి మీదినుంచి దించిన ఉడుకు నీళ్లు, పావు లీటరుకు కాస్త తక్కువ, 90 డిగ్రీల్లో. గ్లాసులో వేలు పెడితే బొబ్బ ఎక్కుతుంది. కానీ రెండూ 30 డిగ్రీలకు చల్లారేసరికి బకెట్ బయటికి వదిలే వేడి గ్లాసు వదిలేదానికి పది రెట్లు దాటుతుంది. స్కాట్లాండ్‌లో జోసెఫ్ బ్లాక్ అనే శాస్త్రవేత్త 1760ల ప్రాంతంలో ఈ రెంటినీ విడదీసి చూపించేదాకా పండితులు కూడా డిగ్రీలు, వేడి ఒకటేననుకున్నారు.

ఇప్పుడు మా మిద్దె దగ్గరికి వస్తాను. దూలాలు, వాటి మీద బండలు పరిచిన ఇల్లు మాది. పగలు ఇల్లు ఒక మోస్తరుగానే ఉండేది. అసలు బాధ రాత్రి భోజనాలయ్యాక మొదలయ్యేది. బయట గాలి చల్లబడుతున్నా పైనుంచి సెగ దిగుతూనే ఉండేది, పడుకుంటే ముఖం మీద తెలిసేది. “బండ పగలంతా తాగిన ఎండ ఇప్పుడు కక్కుతాంది” అనేది మా అవ్వ.

ఎంత తాగుతుందో లెక్క వేయొచ్చు. రెండంగుళాల మందం బండ చదరపు మీటరుకు సుమారు 130 కిలోలు తూగుతుంది. మా బండలు సున్నపురాయివి. ఆ రాయి కిలోను ఒక డిగ్రీ వేడెక్కించడానికి దాదాపు 0.9 కిలోజౌళ్ల శక్తి కావాలి. నీటికైతే 4.2. సాయంత్రం 55 డిగ్రీలున్న బండ తెల్లవారేసరికి 35కు దిగిందనుకుంటే, చదరపు మీటరుకు 2,300 కిలోజౌళ్లకు పైగా వదిలినట్టు. పది చదరపు మీటర్ల చిన్న గదికి ఇది ఆరున్నర యూనిట్ల కరెంటుతో సమానం. ఇందులో కొంత ఆకాశంలోకి పోతుంది, మిగిలింది మన మీదికే. పాతకాలపు మిద్దెల్లో బండల మీద మందంగా చౌడుమన్ను పరిచేవాళ్లు. ఆ మన్ను వేడిని లోపలికి తొందరగా దిగనివ్వదు.

మా అవ్వ పొద్దు వాలగానే బకెట్‌తో మిద్దెక్కేది. చెంబుతో నీళ్లు చల్లితే మొదటి చెంబు బండ మీద పడగానే ఇంకిపోయేది, నల్లటి తడి మరక అంచులనుంచి చూస్తుండగానే తెల్లబడేది, మట్టివాసన లేచేది. నీళ్లు పోస్తే చల్లబడుతుందిలే అని మేం అనుకునేవాళ్లం. నిజానికి చల్లబరిచేది నీటి చల్లదనం కాదు, అది ఆవిరవడం. ఒక లీటరు నీరు ఆవిరి కావడానికి సుమారు 2,400 కిలోజౌళ్లు కావాలి. ఆవిరయ్యేటప్పుడు నీటి ఉష్ణోగ్రత పెరగకపోయినా ఆ వేడి ఖర్చవుతుంది. బ్లాక్ దీన్నే గుప్తోష్ణం అన్నాడు. కొంత వేడి గాలి కూడా ఇస్తుంది కాబట్టి బండ అంతా పోగొట్టుకోదు. అయినా అంకెలు పక్కపక్కన పెట్టి చూడండి: ఒక చదరపు మీటరు బండ రాత్రంతా వదిలే వేడి, ఒక లీటరు నీరు ఆవిరై తీసుకుపోగల వేడి, దాదాపు ఒకటే. పది చదరపు మీటర్ల గదికి పది లీటర్లు. అవ్వ మోసుకెళ్లిన బకెట్ కూడా ఇంచుమించు అంతే పట్టేది.