పాపికొండల బోటు: ‘వద్దు’ అనాల్సింది ఎవరు?

గోదావరిలో హౌస్‌బోట్లు, విలాస పడవలు అనే మాట వచ్చినప్పుడల్లా పాత గొడవ మళ్లీ మొదలవుతుంది. వరద హెచ్చరిక రాగానే అన్ని బోట్లూ ఆపేస్తే ఎలా బతకాలని లాంచీల యజమానులు అడుగుతారు. 2025 జూన్‌లో రాజమహేంద్రవరంలో అఖండ గోదావరి పర్యాటక ప్రాజెక్టుకు శంకుస్థాపన కూడా జరిగింది కాబట్టి, ఈ ప్రశ్నను ఇక పక్కన పెట్టలేం.

ఇవాళ్టి ఆంక్షల మూలం 2019 సెప్టెంబరు 15, ఆదివారం. గండి పోశమ్మ గుడి దగ్గర పాపికొండలకు బయల్దేరిన రాయల్ వశిష్ఠ అనే పర్యాటక బోటు దేవీపట్నం మండలం కచ్చులూరు దగ్గర గోదావరిలో మునిగింది. నదిలో అప్పుడు 5 లక్షల క్యూసెక్కులు దాటిన వరద ఉంది. బోటులోని 77 మందిలో 51 మంది ఇంటికి తిరిగి రాలేదు. బతికిన వాళ్లను ఒడ్డుకు చేర్చింది ఎక్కువగా కచ్చులూరు గిరిజనులే, తమ చిన్న పడవల్లో. మునిగిన బోటును కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం అక్టోబరు 22న గానీ బయటికి లాగలేకపోయింది.

ఆ తర్వాత వచ్చిన జవాబులే అసలు సంగతి. తమ అనుమతి లేదని పర్యాటక శాఖ చెప్పింది. లైసెన్సు కాకినాడ పోర్టు నుంచి వచ్చింది. వరద లెక్కలు జలవనరుల శాఖ దగ్గర ఉన్నాయి. ఇన్ని ఆఫీసులుండి, అంత వరదలో బోటు కదులుతుంటే ఆపిన చెయ్యి లేదు. అప్పటికి హెచ్చరికలు లేకనా? 2017 నవంబరులో విజయవాడ సమీపాన కృష్ణా నదిలో పవిత్ర సంగమం దగ్గర, 2018 మేలో గోదావరిలోనే మంటూరు దగ్గర కూడా పడవలు మునిగి జనం పోయారు.

కచ్చులూరు తర్వాతే రెవెన్యూ, పోలీసు, జలవనరులు, పర్యాటక సిబ్బందిని ఒకచోట కూర్చోబెట్టే కంట్రోల్ రూములు వచ్చాయి. 2021 నవంబరులో పాపికొండల షికారు మళ్లీ మొదలైంది.

ఒక బోటు తప్పుకు అందరినీ శిక్షిస్తున్నారన్నది యజమానుల వాదన. బోటు నడిపే సరంగులకూ వంటవాళ్లకూ పని పోతుందన్నది నిజమే. దానికి పరిహారం అడగొచ్చు, అడగాలి కూడా. వరదలో బోటు వదలమనడం మాత్రం వేరే సంగతి. పైగా పోలవరం ప్రాజెక్టు కోసం నదికి అడ్డంగా కట్టిన తాత్కాలిక కట్ట (కాఫర్ డ్యామ్) వచ్చాక దేవీపట్నం దగ్గర నీటిమట్టమే మారిపోయింది, సరంగుల పాత అంచనాలు పనికిరావు. కొత్తగా వచ్చే ఖరీదైన బోట్లయినా సరే, కంట్రోల్ రూము వద్దంటే రేవులోనే ఆగాలి. ఆ మాటను మార్చే అధికారం పై ఆఫీసులకు గానీ, రాజకీయ నాయకులకు గానీ ఉండకూడదు.