ఎండిపోయిన ఎర్తింగ్ గుంత

మే నెలలో ఒక మధ్యాహ్నం కూలర్‌లో నీళ్ళు పోస్తూ అమ్మ చటుక్కున చెయ్యి వెనక్కి తీసుకుంది. "ఏం లేదులేరా, కాస్త జివ్వుమంది" అంది. చాలా ఇళ్ళలో విషయం ఈ మాటతోనే ఆగిపోతుంది. మర్నాటి నుంచి చెప్పులేసుకుని నీళ్ళు పోస్తారు. నాకు మాత్రం టెన్షన్ పట్టుకుంది. టెస్టర్ పెట్టి చూస్తే కూలర్ ఇనుప బాడీ మీద లైటు వెలిగింది.

ఎలక్ట్రీషియన్ వచ్చి పంపు వైరు తొడుగు చిట్లిందని చూపించాడు. ఆ తర్వాత పెరట్లోకి వెళ్ళి, లీకైన కరెంటును భూమిలోకి పంపే ఎర్తింగ్ గుంత మూత తీశాడు. లోపల మట్టి బీటలు వారి ఉంది. పైపుకు తీగ బిగించిన చోట తుప్పు పొరలుగా లేచింది. ఆ గుంతలో ఎవరైనా నీళ్ళు పోసి ఎన్నేళ్ళయిందో మా ఇంట్లో ఎవరికీ గుర్తులేదు.

మట్టిలో కరెంటు పారేది తడి వల్ల, ఆ తడిలో కరిగిన లవణాల వల్ల. గుంతలో ఉప్పు, బొగ్గు వేసేది అందుకే. ఎండలు ముదిరేకొద్దీ తడి ఆరిపోతుంది, నిరోధం పెరుగుతుంది. వానాకాలంలో 5 ఓముల నిరోధం ఉన్న గుంత వేసవిలో 20 ఓములకు చేరిందనుకుందాం. ట్రాన్స్‌ఫార్మర్ వైపు నిరోధాన్ని వదిలేసి లెక్క కడదాం. కరెంటు తెచ్చే ఫేజు వైరు నేరుగా బాడీకి తగిలితే, 230 వోల్టుల దగ్గర మొదటి గుంతలోకి 46 ఆంపియర్లు పారతాయి. కరెంటు మోతాదు మించితే సప్లై ఆపే స్విచ్, అంటే ఎంసీబీ, 16 ఆంపియర్లదైతే నిమిషంలోపే పడిపోతుంది. రెండో గుంతలోకి పారేది పదకొండున్నర ఆంపియర్లే. ఎంసీబీకి అది మామూలు లోడు లాగే కనిపిస్తుంది. కూలర్ తిరుగుతూనే ఉంటుంది, బాడీలో కరెంటు అలాగే ఉంటుంది. కూలర్ అవసరం ఎక్కువగా ఉండే రోజుల్లోనే ఎర్తింగ్ బలహీనపడుతుందన్నమాట. నన్ను భయపెట్టింది ఇదే.

పైగా అది చెమట పట్టే కాలం. తడిసిన ఒంటి నిరోధం వెయ్యి ఓములకు దిగొచ్చు. అప్పుడు 230 వోల్టులు తగిలితే ఒంట్లోంచి పారేది 230 మిల్లీ ఆంపియర్లు. గుండె లయ తప్పడానికి అంతకంటే చాలా తక్కువే చాలు.

ఇక్కడ మనిషిని కాపాడేది ఆర్‌సీసీబీ అనే మరో రకం స్విచ్. ఫేజులో వెళ్ళిన కరెంటు, న్యూట్రల్‌లో తిరిగొచ్చిన కరెంటు సమానమా కాదా అని అది చూస్తూ ఉంటుంది. 30 మిల్లీ ఆంపియర్ల రకమైతే, ఆ మాత్రం తేడా వచ్చినా రెప్పపాటులో సప్లై ఆపేస్తుంది. ఎర్తింగ్ అంతంతమాత్రంగా ఉన్నా పనిచేస్తుంది. దాని మీద టీ అనే అక్షరంతో ఒక బటన్ ఉంటుంది. నెలకోసారి నొక్కితే పడిపోవాలి. పడకపోతే మార్పించాల్సిందే. మా ఇంట్లో అది లేదు, ఆ సాయంత్రమే పెట్టించాం.

మూడు పిన్నుల ప్లగ్గును చేతిలో పట్టుకుని చూడండి, పై పిన్ను మిగతా రెండిటికంటే పొడుగు. ఎర్తింగ్ ముందుగా తగలాలి, చివరగా విడిపోవాలి, అందుకే ఆ పొడుగు. సాకెట్‌లో పట్టడం లేదని దాన్ని విరిచేసిన ఇళ్ళు చూశాను. దయచేసి ఆ పని చేయకండి. నీళ్ళు పోసేముందు స్విచ్ ఆపి, ప్లగ్గు తీసేయండి.

ఏసీది మరో సమస్య, లూజ్ కాంటాక్ట్. ఒకటిన్నర టన్నుల ఏసీ సుమారు 8 ఆంపియర్లు తీసుకుంటుంది. వదులైన స్క్రూ దగ్గర అర ఓము నిరోధం ఉంటే పుట్టే వేడి 32 వాట్లు. అంటే స్విచ్ బోర్డులో ఒక సోల్డరింగ్ ఐరన్ రాత్రంతా కాలుతున్నట్టే. ప్లగ్గు పిన్నులు నల్లబడినా, సాకెట్ దగ్గర ప్లాస్టిక్ కాలిన వాసన వచ్చినా ఏసీ ఆపేసి సాకెట్ మార్పించండి. ఎక్స్‌టెన్షన్ బాక్సుతో ఏసీ నడపడం అసలే వద్దు.

ఎంసీబీ మాటిమాటికీ పడుతోందని కొందరు పెద్దది పెట్టించేస్తారు. ఎండకు కాగిన బాక్సులో ఎంసీబీ కాస్త ముందే పడే మాట నిజమే. కానీ దానికి తగిలించిన వైరు లావు పెరగలేదు కదా! ఇక ఆ వైరు గోడలోపలే కాగిపోతుంది, ఆపేవాళ్ళుండరు.

మా గుంతకు ఆ రోజు కొత్త క్లాంపు బిగించి, రెండు బకెట్ల నీళ్ళు పోశారు. మట్టి చప్పున పీల్చేసింది. ఇప్పుడు ఉగాది దాటిందంటే వారానికి రెండుసార్లు అమ్మే గుర్తు చేస్తుంది, "గుంతలో నీళ్ళు పోశావా?" అని.