ఈజిప్టు పూసలు: రాతికి బెజ్జం, ఇసుకకు నీలం

ఈజిప్టు నగలు అనగానే అందరికీ టుటన్‌ఖామున్ బంగారు ముసుగే గుర్తొస్తుంది కానీ, నన్నడిగితే అక్కడి అసలు పనితనమంతా గోరంత పూసల్లో ఉంది. పూసంటే ఏముంది, ఒక రాయి, దానికో బెజ్జం, అంతేగా అంటారు. ఆ బెజ్జం దగ్గరే వచ్చింది చిక్కు.

కార్నీలియన్ అనే ఎర్రరాయి సంగతే చూడండి. తూర్పు ఎడారిలో గులకరాళ్లుగా దొరికేది, వాళ్లకు చాలా ఇష్టమైన రాయి. రాళ్ల గట్టిదనాన్ని 1 నుంచి 10 దాకా చెప్పే మోస్ కొలతలో ఇది సుమారు 7, అంటే మామూలు చాకుతో గీకినా గీత పడదు. వాళ్ల దగ్గరున్న రాగి, కంచు ఆ రాయి ముందు మెత్తనివే. మరెలా తొలిచారు? రాతిని కోసేది లోహపు పుల్ల కాదు, దాని కింద వేసిన ఇసుకపొడి. ఆ పొడిని రాతి మీద నొక్కిపట్టి తిప్పడమే పుల్ల చేసే పని. లక్సర్ దగ్గర, క్రీ.పూ. 15వ శతాబ్దపు మంత్రి రెఖ్‌మిరె సమాధి గోడ మీద ఈ పని చేస్తున్న కార్మికుల బొమ్మ ఉంది. ఒక్కొక్కరు తాడు చుట్టి లాగే ఒకే విల్లుతో ఒకేసారి కొన్ని బర్మాలు తిప్పుతుంటారు. ఆర్డర్ల టెన్షన్ అప్పుడూ ఉన్నట్టుంది!

డెనిస్ స్టాక్స్ అనే బ్రిటిష్ పరిశోధకుడు అలాంటి పనిముట్లు తయారు చేసుకుని తనే రాళ్లు తొలిచి చూశాడు. రాగి గొట్టంతో ఇసుక వేసి తొలిచినప్పుడు వచ్చే పొడిలో, ఇసుకలో ఉండే గట్టి ఖనిజమైన క్వార్ట్జ్‌తో పాటు గొట్టం నుంచి అరిగిన రాగి కూడా కలిసి ఉంటుంది, ఆ పొడిని పారేయకుండా ఫయాన్స్ (ఇసుకపొడి ముద్దను కాల్చి చేసే, గాజులా మెరిసే సరుకు) చేయడానికి వాడుకుని ఉంటారని ఆయన ప్రతిపాదన. ఇది రుజువైన విషయం కాదు కానీ నాకు చాలా నచ్చిన ఊహ, ఎందుకంటే ఫయాన్స్‌కు కావలసిన సరుకు దాదాపు అదే.

మ్యూజియంలో కనిపించే నీలం, ఆకుపచ్చ ఈజిప్టు పూసల్లో చాలావరకు రాళ్లు కావు, ఫయాన్సే. మెత్తగా నూరిన క్వార్ట్జ్ లేదా ఇసుకలో కొంచెం సున్నం, మొక్కల బూడిద లేదా నాట్రాన్ అనే సోడా ఉప్పు, రంగు కోసం రాగి కలిపి ముద్ద చేస్తారు. ముద్ద ఆరుతుంటే లోపలి లవణాలు తేమతో పాటు పైకొచ్చి తెల్లగా పేరుకుంటాయి, మన ఇళ్లలో తడిగోడకు ఉప్పు తేలినట్టే. తర్వాత 800 నుంచి 1000 డిగ్రీల సెల్సియస్ వేడిలో కాలిస్తే ఆ లవణాల పొర క్వార్ట్జ్‌తో కలిసి గాజుగా మారి, రాగి వల్ల నీలంగా మెరుస్తుంది. విడిగా పూత పూయక్కర్లేదు. వేరే పద్ధతులూ ఉన్నాయి కానీ అందం దీనిదే.

దీన్ని చవక నకిలీ అనుకుంటే పొరపాటు. టుటన్‌ఖామున్ నగల్లో బంగారం పక్కనే ఫయాన్స్ ఉంది. తాయెత్తుకు శక్తి ఆకారంతో పాటు రంగు నుంచీ వస్తుందని వాళ్ల నమ్మకం కాబట్టి, ఆకుపచ్చ కొత్త ప్రాణానికి, ఎరుపు రక్తానికి గుర్తు కాబట్టి, రంగు సరిగ్గా కుదిరితే ఫయాన్స్ ముద్దయినా పని చేసేది. ఐసిస్ ముడి అనే తాయెత్తును ఎర్ర జాస్పర్‌తో చేయాలని మృతుల గ్రంథంలో, అంటే చనిపోయినవాళ్ల కోసం సమాధిలో పెట్టే మంత్రాల పుస్తకంలో, రాసి ఉంది, అయినా ఫయాన్స్‌వి బోలెడు దొరికాయి. మమ్మీ గుండె మీద పెట్టే పేడపురుగు తాయెత్తు మీద, చనిపోయాక జరిగే తీర్పులో ఆ మనిషికి ఎదురు సాక్ష్యం చెప్పొద్దని గుండెను బతిమాలే మాటలు చెక్కేవాళ్లు.

బతికున్నవాళ్లకూ తాయెత్తులుండేవి. పిల్లలు నీళ్లలో మునిగిపోకుండా జడకు చేప బొమ్మ కట్టేవాళ్లు. స్నెఫ్రు రాజు మీద ఒక పాత కథ ఉంది: పడవ నడిపే అమ్మాయి పెట్టుకున్న టర్కోయిస్ అనే నీలిరాయి చేప నీళ్లలో పడిపోతుంది, రాజు వేరేది ఇస్తానన్నా వద్దు, నాదే కావాలని తెడ్డు వదిలేస్తుంది, చివరికి మంత్రగాడు చెరువు నీళ్లను సగానికి మడిచి తీసిస్తాడు.

అన్నిటికంటే వింతైనవి ఈజిప్టులోని గెర్జే దగ్గర 1911లో దొరికిన 9 ఇనుప పూసలు. కాలం సుమారు క్రీ.పూ. 3200, అంటే ఖనిజం కరిగించి ఇనుము తీయడం ఇంకా తెలియని రోజులు. ఆ ఇనుము ఉల్కలది అని 2013లో వచ్చిన పరిశోధనలు తేల్చాయి. ఉల్కల ఇనుములో నికెల్ ఎక్కువ ఉంటుంది, ఆ ఆనవాలూ ఈ పూసల్లో కనిపించింది. రాయిలా తొలిచినవి కావివి, పల్చని రేకుగా సాగ్గొట్టి గొట్టంలా చుట్టినవి. అంత అరుదైన లోహాన్ని బంగారంతో, కార్నీలియన్‌తో, అఫ్గానిస్తాన్ నుంచి వచ్చిన లాపిస్ లాజులి అనే నీలిరాయితో కలిపి గుచ్చుకున్నారు.

ఇంకో విషయం. దారం కుళ్లిపోతుంది, పూసలు మిగులుతాయి. బోస్టన్ మ్యూజియంలోని ఖుఫు రాజు కాలపు పూసల వల డ్రెస్సును దాదాపు 7000 విడి పూసలతో మళ్లీ అల్లారు. చాలా హారాలదీ ఇదే కథ, అందుకే మ్యూజియంలో పూసల వరస ముచ్చటగా కనిపిస్తే అది ఎప్పుడు గుచ్చిందో కింద రాసుందేమో ఒకసారి చూడండి.